0.94 దగ్గర తోక మాట వినదు

నిచ్చెన మీద ఉన్నారు. కాళ్ల కింద నేల లేదు. బి-29 బాంబర్ పొట్ట తెరుచుకుని ఉంది. బాంబులు ఉండాల్సిన చోట ఒక చిన్న నారింజ రంగు విమానం వేలాడుతోంది. దాని కుడిపక్కన మనిషి ఒదిగి దూరగలిగేంత కంత. ముందు కాళ్లు పెట్టి, నడుం వంచి, లోపలికి జారాలి. ప్రొపెల్లర్ల హోరుకి చెవులు దిబ్బడేశాయి. చలిగాలి ప్యాంటు పట్టుకుని లాగుతోంది. కుడి డొక్కలో ఒక పోటు. పళ్లు బిగపట్టి జారుతున్నారు.

ఇది 1947 అక్టోబర్ 14, మంగళవారం. కింద కాలిఫోర్నియా ఎడారి, మ్యురాక్ వైమానిక స్థావరం. బాంబర్ ఉదయం పది గంటల రెండు నిమిషాలకి లేచింది. ఈ సీటు నిజానికి చక్ యేగర్ అనే ఇరవై నాలుగేళ్ల కెప్టెన్‌ది. ఈ పూటకి మీది. సీటుతో పాటు అతని నొప్పి కూడా మీదే.

మొన్న ఆదివారం రాత్రి భార్యతో కలిసి గుర్రపుస్వారీకి వెళ్లారు. చీకట్లో మూసి ఉన్న గేటు కనపడలేదు. కింద పడ్డారు. రెండు పక్కటెముకలు విరిగాయి. స్థావరం డాక్టరుకి చూపిస్తే విమానం ఎక్కనివ్వడు. అందుకని బయట ఊళ్లో గుట్టుగా పట్టీ చుట్టించుకొచ్చారు. సంగతి తెలిసినవాళ్లు మీ భార్య, మీ ఇంజనీరు స్నేహితుడు జాక్ రిడ్లీ. అంతే.

ఇప్పుడు తలుపు వెయ్యాలి. రిడ్లీ బయట నుంచి తలుపుని కంతకి ఆనించి పట్టుకున్నాడు. గడియ మాత్రం మీరే లోపల నుంచి కుడిచేత్తో గట్టిగా తొయ్యాలి. కుడిచెయ్యి లేవడం లేదు. లేపితే ఊపిరి ఆగిపోతోంది. పక్కన చీపురు కర్ర ముక్క ఉంది, జానెడు మీద ఇంకొంచెం పొడుగు. మీ అవస్థ చూసి రిడ్లీయే కోసి ఇచ్చాడు. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, గడియ కింద పెట్టి, ఎత్తండి. టక్. తలుపు పడింది.

ఇంకా సమయం ఉంది. రేడియోలో ఒక్క మాట చెబితే దించేస్తారు. ఎవరూ ఏమీ అనరు. చెబుతారా?

చెప్పరు. నాలుగు రోజులుగా మిమ్మల్ని ఒక అంకె తినేస్తోంది.

లోపల చీకటి, చలి. వీపు వెనకే ట్యాంకు నిండా ద్రవ ఆక్సిజన్, మైనస్ 183 డిగ్రీలు. ఊపిరి వదిలితే అద్దం మీద మంచు పేరుకుంటుంది. గత శుక్రవారం అలాగే పేరుకుని ఏమీ కనపడక, పక్కన ఎగిరే విమానాల వాళ్లు రేడియోలో దారి చెబుతుంటే గుడ్డిగా దిగారు. ఇవాళ మెకానిక్ అద్దానికి షాంపూ రాశాడు. మంచు పట్టదట. చూడాలి.

ఈ విమానం పేరు బెల్ ఎక్స్-1. పొడుగు తొమ్మిది మీటర్ల పైచిలుకు. ఆకారం తుపాకీ గుండుది. కావాలనే అలా చేశారు, ఎందుకంటే ధ్వని కన్నా వేగంగా పోతూ పల్టీలు కొట్టకుండా తిన్నగా వెళ్లే వస్తువు వాళ్లకి తెలిసినంతలో అదొక్కటే. ముక్కు మీద మీ భార్య పేరు రాయించారు. రెక్కలు పల్చగా, పదునుగా ఉంటాయి. కుడి రెక్క సరిగ్గా ఈ తలుపు వెనకాలే ఉంది. దూకాల్సి వస్తే ఆ రెక్కే తగులుతుంది. సీటుతో సహా బయటికి విసిరేసే ఏర్పాటు లేదు. పారాచూట్ ఉంది కానీ మీరు దాన్ని కుర్చీ కింద దిండు లెక్కనే చూస్తున్నారు.

బాంబర్ ముక్కు కొంచెం కిందికి వాలింది. వేగం పుంజుకుంటోంది. రేడియోలో అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నారు. పది గంటల ఇరవై ఆరు నిమిషాలు. ఇరవై వేల అడుగులు.

ఖడేల్.

పొట్ట గొంతులోకి వచ్చింది. ఒక్కసారిగా ఎండ, కళ్లు చెదిరే ఎండ. మీరు పడుతున్నారు. ఇంజన్ ఇంకా అంటించలేదు. వదిలిన వేగం కావాల్సిన దానికన్నా తక్కువ. రెక్కలకి గాలి పట్టు దొరకడం లేదు. నిండు ట్యాంకులతో కింద దిగడానికి లేదు, చక్రాలు ఆ బరువు మొయ్యలేవు. ముక్కు కిందికి తొయ్యండి. తోస్తూనే ఉండండి. పట్టు దొరికింది.

మొదటి స్విచ్. వెనక దబ్‌మని పేలినట్టు ఒక తోపు. రాకెట్ ఇంజన్‌లో నాలుగు గదులున్నాయి. ఆల్కహాల్, ద్రవ ఆక్సిజన్ కలిసి మండే గదులు. ఒక్కొక్కటీ దాదాపు 680 కిలోల బలంతో తోస్తుంది. రెండోది. మూడోది. నాలుగోది. వీపు సీటుకి అతుక్కుపోయింది. విరిగిన ఎముకల మీద ఎవరో మోకాలు వేసి నొక్కుతున్నారు. నాలుగూ మండితే ఉన్న ఇంధనం రెండున్నర నిమిషాలే. ఆకాశం నీలం నుంచి ముదురు నీలానికి, అక్కణ్ణుంచి నల్లగా మారుతోంది.

ఇప్పుడు ఎదురుగా ఉన్న గుండ్రటి మీటరు చూడండి. మాక్ మీటరు. దాని మీద కిలోమీటర్లు ఉండవు, మైళ్లు ఉండవు. పావలా, అర్ధ, ముప్పావలా లాంటి వంతులుంటాయి. చివరి అంకె 1.0. మీ చుట్టూ ఉన్న గాలిలో ధ్వని ఎంత వేగంగా పోతోందో అది ఒకటి. అందులో మీరు ఎన్నో వంతు పోతున్నారో ముల్లు చూపిస్తుంది.

గంటకి ఇన్ని కిలోమీటర్లని చెబితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. ధ్వని వేగం స్థిరంగా ఉండదు, గాలి వేడిని బట్టి మారిపోతుంది. మే నెలలో రామగుండంలో నలభై అయిదు డిగ్రీలు కాస్తుంటే ధ్వని గంటకి దాదాపు 1,290 కిలోమీటర్లు పోతుంది. మీరిప్పుడు ఎక్కుతున్న ఎత్తులో మైనస్ 56 డిగ్రీల చలిలో దాదాపు 1,060 మాత్రమే. విమానానికి ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో చెప్పేది కిలోమీటర్ల లెక్క కాదు, ఈ వంతే. ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ 1880లలో, ఎగురుతున్న తుపాకీ గుండు ముందు గాలి ముడతలు పడటాన్ని ఫోటో తీయించాడు. ఆయన పేరే ఈ వంతుకి 1929లో పెట్టారు.

ముల్లు 0.88. విమానం వణుకుతోంది.

గతుకుల రోడ్డు వణుకు కాదిది. సన్నటి, వదలని అదురు. పళ్లలో తెలుస్తోంది. గాలికి ఏమవుతోంది? మామూలు వేగంలో విమానం రాకముందే దాని ఒత్తిడి వార్త ముందున్న గాలికి చేరుతుంది, గాలి పక్కకి తప్పుకుంటుంది. ఆ వార్త పోయేది ధ్వని వేగంతోనే. మీరూ ఇంచుమించు అంతే వేగంతో పోతుంటే గాలికి కబురు అందే వ్యవధి లేదు. పైగా రెక్క వంపు మీద పాకే గాలి మీకన్నా వేగంగా పోతుంది. మీరింకా 0.88లో ఉన్నా అది అప్పుడే ఒకటి దాటేసింది. దాటి, మళ్లీ తగ్గే చోట గట్టిగా ఒత్తుకుపోతుంది. అదే షాక్ వేవ్. రెక్క మీద నిలబడి అటూ ఇటూ జరుగుతోంది. మీ పళ్లలో తెలిసేది ఆ జరుగుడే.

ఏడాది పైచిలుకు కిందట, 1946 సెప్టెంబర్‌లో, ఇంగ్లండులో జెఫ్రీ డి హావిలండ్ అనే పైలట్ ఇలాంటి వేగాల్లోకే వచ్చాడు. అతని విమానం గాల్లోనే ముక్కలైంది. ఈ వేగం దగ్గర ఆకాశంలో ఒక గోడ ఉందని పత్రికలు రాస్తున్నాయి. అది చదివిన జనం నమ్ముతున్నారు. కొందరు ఇంజనీర్లు కూడా నమ్ముతున్నారు.

మిమ్మల్ని తినేస్తున్న అంకె ఆ గోడ గురించి కాదు. 0.94 గురించి.

శుక్రవారం ఆ అంకె దగ్గర కంట్రోల్ వెనక్కి లాగారు. ముక్కు లేవాలి. లేవలేదు. ఇంకా లాగారు, పొట్టకి ఆనేదాకా లాగారు. విమానం చెక్కుచెదరకుండా ఎటు పోతోందో అటే పోయింది. అదృష్టం బాగుండి అది తిన్నగా పోతోంది. కిందికి వాలి ఉంటే?

దిగాక రిడ్లీ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. తోకలో అడ్డంగా ఉండే చిన్న రెక్క స్టెబిలైజర్. దాని వెనక అంచుకి కీళ్ల మీద ఊగే పలక ఎలివేటర్. మీరు కంట్రోల్ లాగితే కదిలేది ఆ పలకే. 0.94 దగ్గర షాక్ వేవ్ వెనక్కి జరిగి సరిగ్గా ఆ కీళ్ల గీత మీద కూర్చుంటోంది. దాని వెనక పలక ఎంత ఊగినా ముందున్న గాలికి తెలియదు. మరి పలకని వదిలేసి స్టెబిలైజర్ మొత్తాన్నే కదిపితే? దాన్ని కొద్దికొద్దిగా వంచే మోటారు విమానం కట్టినప్పుడే పెట్టారు. అంత వేగంలో పైలట్ దానితోనే విమానాన్ని నడపొచ్చన్న ఆలోచన మాత్రం రిడ్లీది. పావు డిగ్రీ, మహా అయితే మూడో వంతు డిగ్రీ. ఎక్కువ కదిపితే తోక ఊడిపోవచ్చు. అతను చెప్పాడు, మీరు నమ్మారు. చరిత్ర పుస్తకాల్లో యేగర్ ఫోటో పెద్దగా వేస్తారు. వెయ్యాల్సిందే. దాని పక్కన రిడ్లీ ఫోటో కూడా అంతే పెద్దగా ఉండాలని నేను గట్టిగా అంటాను.

రెండు గదులు ఆర్పండి. ఎక్కుతూ, స్విచ్ ఒక్కసారి నొక్కండి. తోక పావు డిగ్రీ వంగింది. ముక్కు కదిలింది. వెనక్కి నొక్కండి. మళ్లీ కదిలింది. పనిచేస్తోంది.

0.92. నలభై రెండు వేల అడుగుల దగ్గర విమానాన్ని మట్టంగా నిలిపారు. ట్యాంకులో ఇంకా మూడో వంతు దాకా ఉంది.

ఇవాళ్టి అనుమతి 0.97 దాకానే.

మూడో గది వెలిగించండి.

తోపు. 0.94. కంట్రోల్ చచ్చిపోయింది. లాగినా అంతే, తోసినా అంతే. భయపడకండి. స్విచ్. పావు డిగ్రీ. నిలబడింది.

0.95. అదురు.

0.96. చెయ్యి స్విచ్ మీదే.

0.97. ఆగొచ్చు. ఆగమన్నది ఇక్కడే.

ఆగరు.

0.98. ముల్లు తడబడింది. అటు. ఇటు. వణికింది.

ఎగిరి అంచు దాటేసింది.

మీటరులో అంకెలు అయిపోయాయి. ముల్లు ఆవలి గట్టుకి ఆనుకుని ఉంది. అదురు లేదు. వణుకు లేదు. కంట్రోల్ లాగి చూడండి. చేతికి బరువు తగిలింది, ముక్కు లేచింది. షాక్ వేవ్ తోక దాటి వెళ్లిపోయింది, ఎలివేటర్ బతికింది. ఇంత నున్నగా ఈ విమానం ఎప్పుడూ పోలేదు. మీటరు పాడైందేమో అని మీకు నిజంగా అనుమానం వస్తుంది.

పాడవలేదు. తర్వాత తేల్చిన లెక్క ప్రకారం మాక్ 1.06, గంటకి దాదాపు 1,127 కిలోమీటర్లు. ఇంధనం ఇంకా ముప్పై శాతం ఉంది. ఇంకా తొయ్యొచ్చు. ఇవాళ్టికి చాలు. స్విచ్‌లు కట్టేయండి. వేగం తగ్గుతుంటే అంతా తలకిందుల వరుసలో తిరిగి వచ్చింది, 0.98 దగ్గర ముక్కు కాస్త ఎగిసిపడటం, ఆపైన అదే అదురు. మిగిలింది పారబోసి, ఇంజన్ లేకుండా గాలి మీద తేలుతూ, ఎండిపోయిన సరస్సు మీద పది గంటల నలభై నిమిషాలకి దిగారు. ఊరంతా చాటుకోవాలని ఉంటుంది. నోరు విప్పొద్దన్నారు. డిసెంబర్‌లో ఒక విమానయాన పత్రిక బయటపెట్టింది. ప్రభుత్వం ఒప్పుకున్నది 1948 జూన్‌లో. తోక మొత్తం కదిలించే కిటుకు మాత్రం సేబర్ యుద్ధవిమానాల్లోకి ఎక్కి, కొరియా యుద్ధంలో మిగ్‌ల మీద పనికొచ్చింది.

కాక్‌పిట్‌లో మీరు ఒక్కటి వినలేదు. కింద ఎడారిలో, విమానాన్ని గమనిస్తున్న వ్యాన్‌లోని వాళ్లకి దూరంగా ఉరిమినట్టు వినపడింది. మబ్బు లేని ఆకాశం.

ఆ ఉరుము దగ్గరికి మిమ్మల్ని తీసుకెళతాను. సీటు మారండి.

2020 మే 20, బుధవారం. బెంగళూరు, మారతహళ్లి. లాక్‌డౌన్. మీరు డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు మీటింగ్‌లో ఉన్నారు. మధ్యాహ్నం ఒకటీ ఇరవై దాటింది.

ధడ్.

కిటికీ అద్దాలు గలగలమన్నాయి. గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది. సిలిండరా? ట్రాన్స్‌ఫార్మరా? భూకంపమా? మెట్లు దిగి పరుగెత్తాలా, బల్ల కిందికి దూరాలా? మీటింగ్‌లో అందరి ముఖాలూ అలాగే బిగుసుకుపోయాయి. ఒకరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్నారు, ఒకరు విమానాశ్రయం దగ్గర. అందరికీ వినపడింది. ఒకే సిలిండర్ అంత ఊరికి వినపడదు. వాట్సాప్ నిండిపోతోంది. కాసేపటికి భూకంప పరికరాల్లో ఏ కదలికా లేదని తెలిసింది. సాయంత్రానికి రక్షణ శాఖ చెప్పింది. వైమానిక దళం పరీక్షా విమానం. ఊరికి చాలా దూరంగా, 36 వేల నుంచి 40 వేల అడుగుల ఎత్తులో, సూపర్‌సోనిక్ వేగం నుంచి తగ్గుతూ ఉంది. 65 నుంచి 80 కిలోమీటర్ల దూరంలో విమానం ఉన్నా ఈ చప్పుడు వినపడగలదు.

సోనిక్ బూమ్ అంటే చాలామంది అనుకునేది, విమానం ఆ గోడ దాటిన క్షణంలో ఒకసారి పేలుతుందని. నేను కలిసిన చదువుకున్నవాళ్లు కూడా అలాగే చెబుతారు. అలా కాదు. మాక్ 1 పైన ఉన్నంతసేపూ విమానం ఆ ఒత్తిడి తెరని వెనకాల ఈడ్చుకుంటూనే పోతుంది. గోదావరిలో లాంచీ పోతుంటే వెనకాల విచ్చుకున్న అల రేవు రేవుకీ వేరువేరు సమయాల్లో తగులుతుంది కదా, అలా దారి పొడుగునా ఉన్న ఊళ్లకి ఒక్కొక్కటిగా తగులుతుంది. మీకు ఒక్కసారే వినపడింది, ఎందుకంటే తెర మీ కిటికీని ఒక్కసారే దాటింది. ముక్కు దగ్గర ఒక తెర, తోక దగ్గర ఒక తెర ఉంటాయి కాబట్టి పెద్ద విమానమైతే రెండు దెబ్బలు విడివిడిగా వినపడొచ్చు. దారి పొడుగునా ఈ దెబ్బ తగులుతుంది కాబట్టే కాంకార్డ్ ప్రయాణికుల విమానం మాక్ 2 అందుకున్నది ఎక్కువగా సముద్రాల మీదే. జనం నిద్రపోయే నేల మీద ధ్వనిని మించిన వేగం కుదరదని అమెరికా 1973లో పౌర విమానాలకి నిషేధమే పెట్టింది. అది సరైన నిర్ణయమనే నా అభిప్రాయం. ఒకరి తొందర కోసం దారిలో ఉన్న ఊళ్లన్నీ ఎందుకు ఉలిక్కిపడాలి?

మీరు ఎక్కే శంషాబాద్-ఢిల్లీ విమానంలో కూడా ఈ వంతు ఉంది. కొంత ఎత్తుకి ఎక్కాక పైలట్ వేగాన్ని నాట్లలో చూసే లెక్క వదిలేసి మాక్ లెక్కకి మారతాడు. ఎయిర్‌బస్ ఎ320 అయితే 0.78 దగ్గర పోతుంటుంది. 0.82 దాటితే కాక్‌పిట్‌లో హెచ్చరిక మోగుతుంది. రెక్క మీద షాక్ వేవ్ గట్టిపడి అదురు మొదలయ్యే ప్రాంతానికి వెళ్లనివ్వకుండా ఆ హద్దు. సముద్రాల మీద ఒకే దారిలో పోయే విమానాలకి కంట్రోలర్లు మాక్ అంకె ఇచ్చి అదే పట్టుకోమంటారు, ఒకదాన్నొకటి తరుముకోకుండా. ఎండకి రంగు వెలిసిన విమానమైనా, కొత్తదైనా, ఎక్కేముందు తోక కింది వైపు చూడండి. అడ్డ రెక్క మొదట్లో చిన్న చిన్న గీతలు గీసి ఉంటాయి. ఆ రెక్క మొత్తంగా ఎంత వంగిందో కొలిచే గీతలవి.

మళ్లీ ఆ సాయంత్రం, మారతహళ్లి. ఫోన్ మోగుతోంది. కర్నూలు నుంచి అమ్మ. టీవీలో బెంగళూరు పేలుడు అని వేస్తున్నారట. ఎత్తండి. భూకంపం కాదని, బాంబు కాదని, విమానమని చెప్పండి. విమానం ఎంత దూరంలో ఉందని అడిగితే ఊరికి చాలా దూరంగా ఉందని, డెబ్బై కిలోమీటర్ల అవతల ఉన్నా వినపడగలదని చెప్పండి. నమ్మదు. అంత దూరం నుంచి అంత చప్పుడా అంటుంది. తాతయ్య ఎద్దులబండి తోలేటప్పుడు చెర్నాకోల ఎద్దుకి తగలకుండానే గాల్లో ఛెళ్లుమనేది గుర్తుందా అని అడగండి. ఆ తోలు కొస ఆ క్షణంలో ధ్వనిని మించి పోతుంది. ఆ ఛెళ్లూ ఈ ధడ్డూ పుట్టడం ఒకలాగే.